వ్యాంపైర్లు సరే, తోడేళ్ళు సరే... ఇంతకీ ఆ హత్య కేసు ఏమైంది?

పేజీమడత
ఇది నాకొక్కదానికేనా, ఇంకెవరికైనా ఉందా? అర్బన్ ఫాంటసీ (మన నగరాల్లోనే రక్తం తాగే వ్యాంపైర్లు, తోడేళ్ళుగా మారే మనుషులు తిరిగే నవలలు) ఏ సిరీస్ పట్టుకున్నా మొదటి పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. అమ్మాయికి ఒక ఉద్యోగం ఉంటుంది, అద్దె బాకీ ఉంటుంది, కొట్లాటకి వెళ్తే నిజంగానే దెబ్బలు తగుల్తాయి. ఊళ్ళో ఎవరో మనుషుల్ని చంపుతుంటారు, పోలీసులకి అంతుపట్టనిది ఈమెకి పడుతుంది. రెండోది కూడా బావుంటుంది. మూడోదాంట్లో ఒక కొత్త శక్తి. నాలుగులో ఇంకోటి. ఐదుకొచ్చేసరికి ఊళ్ళో వ్యాంపైర్ల పెద్ద, తోడేళ్ళ పెద్ద, పైనుంచి జారిపడ్డ దేవదూత ముగ్గురూ ఈమె వెంటే. హత్య కేసేమో రెండో అధ్యాయంలో మొదలై, నడుమ రెండొందల పేజీలు ఎటో పోయి, చివర్లో గుర్తొచ్చి హడావిడిగా తేలిపోతుంది.

ప్రేమ వద్దని కాదు నా గోల. డిటెక్టివ్ కథ అని చెప్పి చేతిలో పెట్టి, నేను లీనమయ్యాక మార్చేస్తే ఎలా? మీరంతా ఎక్కడ ఆపేస్తారు? చివరిదాకా నిలబడ్డవి ఏమైనా ఉన్నాయా?

లాజిక్‌రావు
మీ ఒక్కరికే కాదు. దీన్ని నేను శక్తుల చక్రవడ్డీ అంటాను. ప్రతి పుస్తకంలో విలన్ వెనకటివాడికంటే పెద్దవాడు కావాలి. వాణ్ణి కొట్టాలంటే హీరోయిన్‌కి కొత్త శక్తి కావాలి. ఆ శక్తి వచ్చాక తర్వాతి విలన్ ఇంకా పెద్దవాడు కావాలి. మొదటి పుస్తకంలో సందు చివర దయ్యాన్ని చూసి పరుగెత్తిన మనిషి ఏడో పుస్తకంలో దేవుళ్ళతో బేరాలాడుతుంటుంది. ఇంక అద్దె గురించి ఎవరు పట్టించుకుంటారు?

సగంలోఆపేశా
ఏడోదాకా వెళ్ళారా! ఓపిక మీది. నా హ్యాండిల్ చూశారుగా.

తోడేలుపిల్ల
ఒక్క నిమిషం. మీరిద్దరూ రెండు వేరు వేరు జాతుల్ని ఒకే కర్రతో కొడుతున్నారు. పారానార్మల్ రొమాన్స్‌లో, అంటే వ్యాంపైరో తోడేలో హీరో అయిన ప్రేమకథల్లో, మామూలుగా ఒక్కో పుస్తకానికి ఒక్కో జంట. కథ ఆవిడ వైపు నుంచీ ఆయన వైపు నుంచీ నడుస్తుంది. చివరికి ఇద్దరూ కలిసి సుఖంగా ఉండాల్సిందే, అది పాఠకులకి ఇచ్చిన మాట. క్రితం పుస్తకంలో మూల నిలబడి గుర్రుమన్న తమ్ముడు ఈ పుస్తకంలో హీరో. అర్బన్ ఫాంటసీలో ఒకే మనిషి, ఎక్కువగా 'నేను' అంటూ చెప్పే కథ, పది పన్నెండు పుస్తకాలు. తేడా తేల్చుకోవాలంటే ప్రేమని తీసేసి చూడండి. కథ నిలబడితే రెండోది, కూలిపోతే మొదటిది. మొదటిది కొనుక్కుని హత్య కేసు ఏదీ అంటే అది పుస్తకం తప్పా?

పేజీమడత
@తోడేలుపిల్ల, అదేగా నేనంటున్నది! ఒకే సిరీస్ మొదట్లో రెండో జాతి, తర్వాత మొదటి జాతి అయిపోతోంది. అట్ట మీద మాత్రం మొదట్నుంచీ చివరిదాకా ఒకటే బొమ్మ.

చీకటిగది
ఆ బొమ్మ నేను చెప్తా. నిండు చంద్రుడు. తోలు ప్యాంటు. వీపు మీద పచ్చబొట్టు. అమ్మాయి అటు తిరిగి, నడుము ఇటు తిప్పి, తల మళ్ళీ అటు. వెన్నెముక ఉన్న జీవి అలా నిలబడలేదు.

సగంలోఆపేశా
నిజంగానే నిలబడలేదు. జిమ్ సి. హైన్స్ అనే ఫాంటసీ రచయిత 2012లో ఆ భంగిమలన్నీ తనే పెట్టి ఫొటోలు తీయించుకుని బ్లాగులో వేశాడు. చూసి తీరాలి. పాపం నడుం ఎలా పట్టేసిందో ఆ మొహాల్లోనే తెలుస్తుంది.

చీకటిగది
మగ హీరోలకీ తప్పలేదు లెండి ఈ అట్టల బాధ. జిమ్ బుచర్ సిరీస్‌లోని షికాగో మంత్రగాడు హ్యారీ డ్రెస్డెన్‌కి అట్ట మీద ఎప్పుడూ టోపీ ఉంటుంది. కథలో అతను టోపీ పెట్టడు.

పాతకాగితం
పేజీమడత గారు చెప్పిన జబ్బుకి అందరూ ఎత్తిచూపే కేసు లారెల్ కె. హామిల్టన్‌ది. 'గిల్టీ ప్లెషర్స్' 1993లో వచ్చింది. అందులో హీరోయిన్ అనీటా బ్లేక్ ఉద్యోగం చచ్చినవాళ్ళని లేపడం, అదీ ఒక కంపెనీలో జీతానికి! వీలునామా గొడవ వస్తే పోయినాయన్నే లేపి అడుగుతారు. వ్యాంపైర్లకి చట్టం ప్రకారం హక్కులున్నాయి కాబట్టి వాళ్ళని చంపాలంటే వారంటు కావాలి. సెయింట్ లూయిస్ నగరం, పోలీసులు, శవాలు. ఇప్పుడు మనం మామూలుగా తీసుకునే సరంజామా చాలావరకు అక్కడ కుదురుకున్నదే. పదో పుస్తకం దగ్గర ఆమెకి ఒక అతీంద్రియమైన ఆకలి అంటుకుంటుంది, అది తీరాలంటే శృంగారం తప్పదు. అక్కడ పాఠకులు రెండుగా చీలారు. వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళారు, కొత్తగా వచ్చినవాళ్ళూ చాలామందే.

అసలు అర్బన్ ఫాంటసీ ఇలా మొదలవలేదు. 1980లలో ఈ మాట వాడినప్పుడు చార్లెస్ డి లింట్, ఎమ్మా బుల్ లాంటివాళ్ళ కథలు మనసులో ఉండేవి. బుల్ రాసిన 'వార్ ఫర్ ది ఓక్స్' 1987లో వచ్చింది. మినియాపోలిస్‌లో రాక్ బ్యాండ్ పెట్టుకున్న అమ్మాయి యక్షిణుల యుద్ధంలో ఇరుక్కుంటుంది. తోలు ప్యాంట్లు లేవు. సంగీతం ఉంది, ఆ నగరమే ఒక పాత్రలా ఉంటుంది. ప్రేమా ఉంది. అది కథని మింగలేదు.

నీలిమ_చదువరి
నేనొకటి అడుగుతా, కోప్పడకండి. డ్రెస్డెన్ మొదటి పుస్తకం 2000లో వచ్చింది. ఫోన్ బుక్‌లో మంత్రగాడు అని ప్రకటన ఇచ్చుకున్న, అద్దె కట్టలేని ప్రైవేటు డిటెక్టివ్. పన్నెండో పుస్తకానికి వచ్చేసరికి అతనేమయ్యాడు? యక్షిణుల రాణి దగ్గర కొలువు, ఒంట్లోకి కొండంత బలం. శక్తుల చక్రవడ్డీ అక్కడా ఉంది కదా. దాన్ని మాత్రం 'సిరీస్ ఎదిగింది' అంటారు. హీరోయిన్ ఎదిగితే 'పాడైపోయింది'. ఎందుకంటారు?

సగంలోఆపేశా
అమ్మా తల్లీ, నేను తొమ్మిదోదాంట్లో ఉన్నాను!!!

మోడరేటర్
స్పాయిలర్ (చదవనివాళ్ళకి కథ ముందే చెప్పేసే మాట) ఉంటే పైన ఆ మాట రాయండి. సగంలోఆపేశా గారు తొమ్మిదో పుస్తకం దాకా వచ్చారన్నది అసలు స్పాయిలర్ అనుకోండి.

లాజిక్‌రావు
నీలిమ గారూ, న్యాయమైన ప్రశ్నే. కానీ నేను దాన్ని కూడా అదే కర్రతో కొడతాను. నాకు ఆడా మగా తేడా లేదు, మంత్రానికి ఖరీదు ఉండాలి, అంతే. డ్రెస్డెన్ విషయంలో నాకు నచ్చింది మంత్రగాడు దగ్గరికొస్తే యంత్రాలు పాడవడం. పాత డొక్కు కారు తప్ప నడపలేడు, కంప్యూటర్ ముట్టుకోలేడు. శక్తి పెరిగినా ఆ ఇబ్బంది పోలేదు.

ఖరీదు విషయంలో నా లెక్కకి అందరికంటే బాగా చేసింది బెన్ ఆరోనొవిచ్, 'రివర్స్ ఆఫ్ లండన్', 2011. హీరో పీటర్ గ్రాంట్ కానిస్టేబుల్. మంత్రం వేస్తే పక్కనున్న ఫోన్‌లో చిప్ ఇసక అయిపోతుంది. వీడు ఊరుకోడు, కూర్చుని ప్రయోగాలు చేస్తాడు. ఎంత దూరంలో పాడవుతుంది, కరెంటు ఆపేసి ఉంచితే పాడవుతుందా అని. మితిమీరి మంత్రాలు వేసినవాళ్ళ మెదడు ఎలా చిల్లులు పడిందో డాక్టరు చూపిస్తాడు. అది చూశాక పీటర్ ప్రతిసారీ ఆచితూచి వేస్తాడు, చదువుతున్న మనకీ భయం వేస్తుంది. నియమం అంటే ఇది. హీరో కోరుకున్నది అవసరమైనప్పుడల్లా ఊడిపడకూడదు.

తోడేలుపిల్ల
రావుగారు ప్రేమలో పడినా లెక్కల పుస్తకం వెంట తీసుకెళ్తారు 😄

ఖరీదు నా పుస్తకాల్లోనూ ఉంటుందండీ, రూపాయల్లో కనపడదు అంతే. మూడొందల ఏళ్ళు ఎవర్నీ నమ్మకుండా బతికినవాడు ఒకరి ముందు మెత్తబడాలంటే ఏం వదులుకోవాలి? మనిషి ముసలిదవుతుంది, వాడు అవడు. మంచి రచయిత్రి ఆ మాట దాటెయ్యదు. చెడ్డ రచయిత్రి చివరి అధ్యాయంలో ఆమెనీ చిరంజీవిని చేసి చేతులు దులుపుకుంటుంది. తిట్టాలనుకుంటే దాన్ని తిట్టండి, నేనూ వస్తాను.

రాత్రిబండి
తోడేళ్ళ గురించి నా దగ్గర ఒకటుంది. ఈ నవలల్లో ఆల్ఫా అంటే అందర్నీ అణిచేసేవాడు, కళ్ళెత్తి చూస్తే పీక పట్టుకునేవాడు. ఈ బొమ్మ ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన జూలో, ఒకే ఆవరణలో కలిపి పడేసిన తోడేళ్ళని చూసి రాశాడు. 1970లో తోడేళ్ళ మీద పరిశోధన చేసే డేవిడ్ మీచ్ తన పుస్తకంలో ఆ మాటని జనంలోకి తీసుకెళ్ళాడు. తర్వాత ఇదే మీచ్ కెనడాలోని ఎల్‌స్‌మియర్ దీవిలో బయట తిరిగే తోడేళ్ళ వెంట ఏళ్ళ తరబడి ఉండి, 1999లో వేరే సంగతి రాశాడు. గుంపు అంటే ఒక కుటుంబం. అమ్మ, నాన్న, ఆ ఏడాది పిల్లలు, ముందటేడు పిల్లలు. పైస్థానం కోసం కొట్లాట అంటూ ఉండదు, పిల్లలు పెరిగి పెళ్ళి చూసుకుని వెళ్ళిపోతాయి. పాత పుస్తకం అచ్చు ఆపెయ్యమని ఆయనే పబ్లిషర్ని అడిగాడు.

అంటే మన ఆల్ఫా హీరో జైల్లో పెట్టిన అపరిచితుల ప్రవర్తన చూసి తయారైన బొమ్మ.

తోడేలుపిల్ల
నిజం తోడేళ్ళు కావాలంటే డాక్యుమెంటరీ పెట్టుకుంటాను. నాకు కావలసింది చొక్కా చింపుకునే తోడేలు.

చీకటిగది
పైన రాసింది నిజమైతే అసలైన ఆల్ఫా మగవాడు అంటే హోంవర్క్ చేయించే నాన్నన్నమాట. దాని మీద రొమాన్స్ ఎవరైనా రాయండి, ముందే బుక్ చేసుకుంటాను.

నీలిమ_చదువరి
చీకటిగది, నేనూ కొంటా!

కానీ రాత్రిబండి గారి మాటలో బరువుంది. 'విధి రాసిన జోడీ' అన్న కిటుకు కూడా అక్కణ్ణుంచే బతుకుతోంది. వాసన చూడగానే 'ఈమె నాది' అంటాడు. ఆమె ఏమనుకుంటోందో తెలిసేసరికి మూడొందల పేజీలు. స్టెఫెనీ మయర్ ట్వైలైట్ నాలుగో పుస్తకంలో తోడేలు కుర్రాడికి అప్పుడే పుట్టిన పాపతో ఆ బంధం పడుతుంది. ఇప్పుడేం ప్రేమ కాదు, కాపలా మాత్రమే అని సర్దిచెప్తారు. నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడలేదు.

ట్వైలైట్ మొదటి పుస్తకం 2005. అదే ఏడాది ఆక్టేవియా బట్లర్ 'ఫ్లెడ్జ్‌లింగ్' వచ్చింది, ఆవిడ ఆఖరి నవల. అదీ వ్యాంపైర్ కథే. కాటులో ఒక మత్తు ఉంటుంది, కరిపించుకున్న మనిషికి సుఖం, ఆరోగ్యం, ఎక్కువ ఆయుష్షు. కొన్నాళ్ళకి వదిలి వెళ్ళలేడు, వ్యాంపైర్ పోతే ఇతని ప్రాణానికీ ముప్పే. మరి వాళ్ళు చూపించేది ప్రేమా, వ్యసనమా? బట్లర్ ఆ ప్రశ్నని పాత్రల చేతే అడిగిస్తుంది, తేలిగ్గా వదలదు. పైగా ఆ వ్యాంపైర్ వయసు యాభై మూడు, చూడ్డానికి పదేళ్ళ పిల్ల. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. జలదరించాలనే రాసింది. ఒకే ఏడాది, ఒకే సరుకు. ఒకటి కలలా చుట్టేస్తే, రెండోది కల పక్కన కూర్చోబెట్టి బిల్లు చూపిస్తుంది.

పేజీమడత
నీలిమ గారు, ఇది రాసుకున్నా. ఎప్పుడూ వినలేదు.

సగంలోఆపేశా
హెచ్చరిక: అది భోజనం ముందు చదవద్దు. నేను పూర్తి చేసిన అరుదైన వాటిలో ఒకటి, అయినా మళ్ళీ తెరవను.

పిల్లికళ్ళు
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా, ఇప్పుడు ఉండబట్టలేక వచ్చా. నాకు కేసూ వద్దు, నియమాలూ వద్దు. పగలంతా ఆఫీసులో నియమాలే. రాత్రి పడుకునే ముందు ఆరడుగుల వ్యాంపైర్ ఒకడు హీరోయిన్ అలసిపోయిందని గమనించి, నువ్వు పడుకో నేను చూసుకుంటా అంటే చాలు. ఎవరికీ చెప్పుకోనక్కర్లేని సుఖం అది. దాన్ని చిన్నచూపు చూడకండి ప్లీజ్.

లాజిక్‌రావు
చిన్నచూపు లేదండి. కానీ పగలంతా వాడు నిద్రే కదా, ఏం చూసుకుంటాడు?

పాతకాగితం
రావుగారూ, అదీ అందరి నియమం కాదు. 1897 నాటి స్టోకర్ నవలలో డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధిలో కనిపిస్తాడు. పగటిపూట శక్తి తగ్గుతుంది, అంతే. ఎండ తగిలితే పోవడమన్నది 1922 నాటి జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు'లో వచ్చింది. అలాగే పున్నమి, వెండి, కాటుతో అంటుకునే శాపం కలిపి జనం నోళ్ళలో పడ్డది 1941లో వచ్చిన 'ది వుల్ఫ్ మ్యాన్' సినిమాల వరసతోనే. వ్యాంపైర్‌తో ఆకర్షణ కూడా మయర్ కనిపెట్టింది కాదు. 1819లో పోలిడోరి కథలోనే పిశాచి ఆడవాళ్ళని బుట్టలో వేసే పెద్దమనిషి. 1872లో లె ఫాను రాసిన 'కార్మిల్లా'లో ఇద్దరు అమ్మాయిల మధ్యే ఆ వశీకరణ. అంటే రొమాన్స్ వచ్చి హారర్‌ని పాడుచేయలేదు, అది మొదట్నుంచీ ఇంట్లోనే ఉంది.

పిల్లికళ్ళు
పాతకాగితం గారికి నా ఓటు 🙌

రాత్రిబండి
ముగింపు గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? షార్లేన్ హారిస్ సూకీ సిరీస్ 2001లో మొదలై 2013లో ముగిసింది. జపాన్‌లో కృత్రిమ రక్తం తయారయ్యాక వ్యాంపైర్లు బయటపడి, మేమూ మీతో ఉంటాం అంటారు. హీరోయిన్ పల్లెటూరి బార్‌లో వెయిట్రెస్. ఇంతకంటే మంచి ఆలోచన నేను చూడలేదు. ఆఖర్లో ఆమె ఎవర్ని ఎంచుకుందో చూసి పాఠకులు రచయిత్రి మీద యుద్ధానికి దిగారు. పేరు చెప్పను, మోడరేటర్ గారు చూస్తున్నారు.

నాకైతే ఆ ఎంపిక సరైనదే అనిపించింది. ఎండలో నిలబడటం ఇష్టమున్న అమ్మాయి ఏం చేస్తుందో అదే చేసింది.

తోడేలుపిల్ల
నాకు అనిపించలేదు. పదమూడు పుస్తకాలు ఆశ పెట్టి చివర్లో అలా చేస్తారా? రొమాన్స్ రాసేవాళ్ళకి మాట నిలబెట్టుకోవడం తెలుసు. మీ అర్బన్ ఫాంటసీవాళ్ళకే తెలీదు.

రాత్రిబండి
ఆవిడ రొమాన్స్ రాస్తున్నానని మాటిచ్చిందా ఎప్పుడైనా? ఆ రాసింది మిస్టరీ. మీరు పైన పెట్టిన పరీక్షే పెట్టండి. ప్రేమ తీసేస్తే నిలబడుతుందా లేదా?

తోడేలుపిల్ల
...నిలబడుతుంది. కానీ నా కోపం నాది.

నీలిమ_చదువరి
పేజీమడత గారి అసలు ప్రశ్నకి నా వంతు. పట్రీషియా బ్రిగ్స్ రాసిన మెర్సీ థాంప్సన్ సిరీస్ చూడండి, 2006లో మొదలు. మెర్సీ కార్ల మెకానిక్, కొయొటీగా మారగలదు. అంటే తోడేళ్ళ మధ్య చిన్న జంతువు. కంచె అవతలే తోడేళ్ళ పెద్ద ఆడమ్ ఇల్లు. అతను అధికారం చూపించినప్పుడల్లా ఈవిడ ఏం చేస్తుందో తెలుసా? తుక్కు కారు ఒకటి అతని కిటికీలోంచి కనపడేలా తన పెరట్లో పెడుతుంది. మరీ కోపమొస్తే దానికి ఇంకో చక్రం ఊడదీస్తుంది. వాళ్ళ ప్రేమకథలో నాకు అందరికంటే ఇష్టమైన పాత్ర ఆ కారే. బలం సమానం కానప్పుడు ఇద్దరు ఎలా నెగ్గుకొస్తారన్నది ముద్దులకంటే ఆ కారే బాగా చెప్తుంది.

లాజిక్‌రావు
దానికి రెండో ఓటు నాది. ఇంకోటి, ఇలోనా ఆండ్రూస్ రాసిన కేట్ డేనియల్స్ సిరీస్. భార్యాభర్తలిద్దరు ఒకే పేరుతో రాస్తారు. అట్లాంటాలో మంత్రం అలలుగా వస్తుంది. అల ఉన్నంతసేపు తుపాకులు పేలవు, కార్లు నడవవు. అల పోగానే మంత్రాలు చచ్చిపోయి కరెంటు వస్తుంది. ఏ క్షణాన ఏది పనిచేస్తుందో తెలీదు కాబట్టి కేట్ కత్తి పట్టుకుని తిరుగుతుంది. శక్తులు ఇక్కడా పెరుగుతాయి, ఒప్పుకుంటా. కానీ ఆ శక్తి ఎవరి రక్తంలోంచి వస్తోందన్నదే ఆమె దాచుకోవలసిన రహస్యం, కాబట్టి పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అసలు సిరీస్‌ని పది పుస్తకాలకి 2018లో ముగించారు. సాగదీయలేదు.

పేజీమడత
పది అంటే ఒప్పుకోవచ్చు. తోడేళ్ళ నాయకుడు ఉన్నాడా?

లాజిక్‌రావు
సింహం. మిగతాదంతా అదే.

చీకటిగది
గుర్రుమంటాడా?

లాజిక్‌రావు
గర్జిస్తాడు.

తోడేలుపిల్ల
రావుగారు ఇన్నాళ్ళూ రొమాన్స్ చదువుతూ లెక్కల పుస్తకం అట్ట వేసుకున్నారన్నమాట 😂

లాజిక్‌రావు
కేసు కోసం చదివాను.

సగంలోఆపేశా
మొదటిది కొంచెం తడబడుతుంది, ముందే చెప్తున్నా. ఎవరు ఎవరో అర్థమవడానికే సగం పుస్తకం పట్టింది నాకు. మూడోదాకా ఓపిక పట్టమని ఎవరో అంటే పట్టాను. నా హ్యాండిల్ మార్చుకోవలసి వచ్చేలా ఉంది.

పేజీమడత
అయితే మెర్సీతో మొదలుపెడతా, తర్వాత సింహం. బట్లర్ ఎప్పుడైనా పగటిపూట చదువుతా. పిల్లికళ్ళు, మీ ఆరడుగుల వ్యాంపైర్ ఏ పుస్తకంలోవాడో చెప్పలేదు మీరు.

పిల్లికళ్ళు
మెసేజ్ పెట్టాను. ఇక్కడ చెప్తే రావుగారు వాడి నిద్ర వేళలు అడుగుతారు.